ఖర్జు దాచిపెడితే పెరుగుతుంది

మన మహల్లాల్లో "వాడు ఐపీ పెట్టాడు" అనే మాట తిట్టు కింద లెక్క. ఆ తిట్టు తప్పించుకోడానికి మనవాళ్లు పడే పాట్లు వన్‌టౌన్ గల్లీల్లోనూ, గాజువాక కాంట్రాక్టు కార్మికుల ఇళ్లల్లోనూ చూస్తూనే ఉన్నాను. బ్యాంకు కిస్తీ కట్టడానికి ఫైనాన్స్ కంపెనీ, దానికి లోన్ యాప్, యాప్‌కి వడ్డీ వ్యాపారి. ఆఖరికి బీవీ మెడలో నగ. ఇంత జరిగినా వకీలు గుమ్మం మాత్రం ఎక్కరు. షరం!

2025 జనవరిలో కేంద్రం మన స్టీల్ ప్లాంటుకి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ప్లాంటు ఇజ్జత్ పోయిందని ఎవరూ అనలేదు. అదే ఊళ్లో పని పోయిన కార్మికుడు తన ఖర్జుకి కానూన్‌లో దారి వెతికితే బేయిజ్జతీ ఎలా అవుతుంది?

దారులు రెండున్నాయి. ఒకటి రాజీ. బ్యాంకుతో మాట్లాడుకుని వన్ టైమ్ సెటిల్‌మెంట్ చేసుకోవచ్చు. కేసు పడకముందే లోక్ అదాలత్‌కీ వెళ్లొచ్చు, అక్కడ కోర్టు ఫీజు ఉండదు. అయితే లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీల్ లేదు. కట్టగలిగిన రకానికే జబాన్ ఇవ్వాలి. తక్కువకి సెటిల్ చేసుకుంటే ఆ సంగతి సిబిల్ రికార్డులో ఉండిపోతుంది.

రెండోది ఐపీ. 2016 దివాలా కోడ్‌లో మామూలు మనుషుల భాగం ఇంకా అమలు కాలేదు. కంపెనీల అప్పుకి హామీ ఉన్నవాళ్లకి మాత్రం 2019 డిసెంబరు 1 నుంచి వర్తిస్తోంది. అందుకే మనకి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. ఆస్తి రిసీవర్ చేతికి వెళ్లి అప్పిచ్చినవాళ్లకి పంపకమవుతుంది. ఒంటిమీది బట్టలు, వంట గిన్నెలు, పరుపులు, చేతిపనివాడి ఔజార్లు ముట్టుకోరు. ఈ చట్టం లోపల కూడా రాజీకి చోటుంది. అప్పిచ్చినవాళ్లలో సగానికి మించి, బాకీ విలువలో మూడు వంతులు ఉన్నవాళ్లు ఒప్పుకుంటే, మీ ప్రతిపాదనని కోర్టు మంజూరు చేయొచ్చు.

మరి ఏ దారి ఎవరికి? ఇక్కడే మషవరా కావాలి. తాకట్టు పెట్టిన ఇంటిమీద బ్యాంకు హక్కు ఐపీతో పోదు. మీకు జామీను ఉన్న బావమరిది బయటపడడు. మోసంతో చేసిన బాకీ, సర్కారు బాకీ మాఫీ కావు. ఐపీకి ముందు ఇల్లు తమ్ముడి పేరు మీద ఊరికే రాసేస్తే, రెండేళ్లలోపు రాసినది కోర్టు కొట్టేయొచ్చు. చాయ్ హోటల్లో సలహాలిచ్చే దోస్తు ఇవన్నీ చెప్పడు. అడ్వాన్సు తీసుకుని "లోన్ మాఫీ చేయిస్తా" అనే ఏజెంటు అసలే చెప్పడు.

జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకి ఆమ్దనీతో సంబంధం లేకుండా ముఫ్త్ వకీలుని ఇస్తారు, మగవాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చాలు. కాగితాలన్నీ పట్టుకుని మొదటి కిస్తీ తప్పినప్పుడే వెళ్లండి, నోటీసు గోడకి అంటించాక కాదు.

ఖర్జుదారు జనాజా నమాజు చదివించడానికి రసూలుల్లాహ్ (స) ఆగిపోయిన సంగతి చెప్పి మనవాళ్లని భయపెడతారు. మిగతా సగం చెప్పరు. అబూ ఖతాదా (రజి) ఆ ఖర్జు తన మీద వేసుకున్నారు, అప్పుడు నమాజు జరిగింది. ఇబ్బందిలో ఉన్నవాడికి మొహలత్ ఇమ్మని సూరా బఖరా 280వ ఆయత్ చెబుతోంది. జకాత్ హక్కుదారుల్లో ఖర్జుదారులూ ఉన్నారు.

కాబట్టి మస్జిద్ కమిటీలకి నా అర్జీ ఒక్కటే. నెలకి ఒక జుమా తర్వాత ఒక వకీలు సాబ్‌ని ఒక గంట కూర్చోబెట్టండి. పేరు అడక్కండి, తలుపు దగ్గరగా వేయండి. వచ్చేవాడు వస్తాడు.