ఇంత మాత్రము తెలియదా?

కోరుట్ల చుట్టుపట్ల గ్రామములలో కొడుకునో భర్తనో గల్ఫు దేశములకు పంపిన ఇండ్లు అనేకము కలవు. దుబాయిలోనో, మస్కటులోనో, కువైటులోనో కట్టడపు పనులు చేయు ఆ యింటి మగవాడు రెండు మూడేండ్ల కొకమారు వచ్చి, కొలది వారములుండి తిరిగి పోవును. తక్కిన కాలమంతయు ఇంటివారు అతని ముఖమును ఫోను తెరమీదనే చూచుకొనవలెను.

అట్టి యొక ఇంటిలో డెబ్బదియేండ్ల అవ్వ ఫోను చేతబట్టుకొని మనుమని పిలుచుట ఊహింపుడు. మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. “బిడ్డా, మీ బాపు మొకం ఎట్ల కనవడ్తది?” అని ఆమె అడుగును. బాలుడు ఫోనును ఆమె చేతినుండి లాగికొని, రెప్పపాటులో ఏమేమో నొక్కి, తిరిగి ఆమె చేతిలో పెట్టి, “గిది సుత తెల్వదా అవ్వా?” అనును. అవ్వ నవ్వును. కొడుకుతో మాటలాడును. మరునాడు మరల అడుగును. మరల ఆ మాటయే వినును. మూడవనాడు ఆమె అడుగదు. ఫోను గూటిలో నుండును. ఆమె గడపలో కూర్చుండును.

ఆ మూడవనాటి మౌనమును గూర్చియే ఇచట విచారింపవలసియున్నది.

బాలుడు దుర్మార్గుడు కాడు. అవ్వ యనిన అతనికి ప్రాణము. ఆ మాటను అతడు సృష్టింపలేదు, ఎచటనో విని నేర్చుకొనెను. అతని అన్న జగిత్యాలలో దరఖాస్తులు నింపు దుకాణమునకు పోయి, ఫొటో పరిమాణము తగ్గించి తేవలెనని తెలియక, పదిమంది యెదుట ఆ మాటనే పడి వచ్చియుండును. ఆ దుకాణపు యువకుడు తాను పని నేర్చుకొను దినములలో నగరపు శిక్షణాలయమున అంతకన్న కఠినమైన మాటలు పడియుండును. తిరస్కారము నీటివలె పల్లమునకే పారును. మీదివాడు అన్న మాటను క్రిందివాడు తనకన్న క్రిందివానిని వెదకి అప్పగించును. తుదకది గడపలో కూర్చున్న అవ్వను చేరును. ఆమెకు అప్పగించుటకు ఎవరును లేరు.

కంప్యూటరు నెరిగినవారిలోను ఈ మెట్లు కలవు. ఒకడు వాడు యంత్రమును మరియొకడు ఆటబొమ్మ యనును. ఒకని ఫోను ఖరీదైనది, కావున అతని అభిప్రాయమును ఖరీదైనదే! 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్సు తాను వినోదమునకై వ్రాయుచున్న యొక వ్యవస్థను గూర్చి తెలిసినవారికి ప్రకటించి, అందులో మీకేమి కావలెనని వినయముగా అడిగెను. అదియే లినక్సు. నేడు ఆండ్రాయిడు ఫోనులన్నియు దానిమీదనే నడచుచున్నవి. విచిత్రమేమనగా, అడిగి తెలిసికొని కట్టిన ఆ వ్యవస్థనే పట్టుకొని, దానిని వాడనివారిని చిన్నచూపు చూచు అభిమానులు తరువాత బయలుదేరిరి. కట్టినవాడు ఆనాడు చూపని గర్వము వాడుకొనువానికి వచ్చినది.

సంస్కృతమున ‘పండితమ్మన్యుడు’ అను పదమొకటి కలదు. తన్ను తాను పండితునిగా తలచుకొనువాడని దాని యర్థము. అల్పజ్ఞానము కలిగించు మదమును భర్తృహరి ఏనాడో ఎత్తిచూపెను. ఏనుగు లక్ష్మణకవి దానిని తెనిగించెను. కావున ఈ వ్యాధి కంప్యూటరుతో పుట్టినది కాదు. వ్యాకరణములో, వైద్యములో, సంగీతములో, క్రికెట్టు ఆటలో సైతము ఉన్నదే. కంప్యూటరు దానికి వేగము నిచ్చినది, అంతే. నిన్న నేర్చినవాడు నేడు గురువగుచున్నాడు. తాను నేర్చుకొన్న దినము ఇంకను చేరువనే యున్నను, దానిని అందరికన్న ముందు అతడే మరచుచున్నాడు.

దీనివలన నష్టమేమి? నొచ్చుకొన్న మనస్సు రెండు దినములలో కుదుటపడదా? అని కొందరు అనవచ్చును. నష్టము అచట లేదు. అడుగుటకు సిగ్గుపడినవాడు తెలియకయే పని చేయును. ఒకనాడు అవ్వకు ఎవడో ఫోను చేయును. “అమ్మా, బ్యాంకు నుండి మాట్లాడుచున్నాము, మీ ఖాతా ఆగిపోవుచున్నది, మీ ఫోనునకు వచ్చిన సంఖ్య చెప్పుడు, మిగిలినది మేము చూచుకొందుము” అని తేనెలొలుక పలుకును. మోసగాడు ఎన్నడును “ఇంత మాత్రము తెలియదా?” అనడు. ఓపికగా రెండుమారులు, మూడుమారులు చెప్పును. ఇంటిలో మనుమడు విసుగుకొనును. ఫోనులో అపరిచితుడు ఆదరించును. ఆమె ఎవరిమాట వినును? దుబాయి ఎండలో సంపాదించిన సొమ్ము ఆ యొక్క సంఖ్యతో పోవును. అట్టి మోసములను వెంటనే తెలుపుటకు 1930 అను ఫోను సంఖ్య దేశమంతటను కలదు. కాని దానికి ఫోను చేయవలెనన్నను ముందు ఇంటివారికి చెప్పవలెను గదా! చెప్పినచో ఏ మాట వినవలసివచ్చునో ఆమెకు తెలియును.

గల్ఫునకు పోదలచిన యువకుని స్థితియు ఇట్టిదే. 1983 నాటి వలసల చట్టము ప్రకారము విదేశములకు పనివారిని పంపు ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదు కావలెను. నమోదైనవారి పేర్లను ‘ఈ-మైగ్రేట్’ అను ప్రభుత్వపు వెబ్‌సైటునందు ఎవరైనను చూడవచ్చును. చూచుటకు పట్టునది కొన్ని నిమిషములే. ఆ కొన్ని నిమిషముల సాయమును అడుగ సిగ్గుపడి, దళారి మాట నమ్మి, అప్పుచేసి లక్షలు చెల్లించినవాడు దానిని తీర్చుటకు ఏండ్లు కష్టపడవలెను.

ఇక సిరిసిల్లకు పోవుదము. కంప్యూటరు విద్యాగర్వమునకు అచట మంచి సమాధానము కలదు. ఆ పట్టణమున మరమగ్గములను ‘సాంచెలు’ అందురు. పనియున్న దినములలో వాని చప్పుడు వీధి వీధిని నిండియుండును. 2017 మొదలు కొన్నియేండ్లు ప్రభుత్వము పంచిన బతుకమ్మ చీరలు ఇచటనే నేయబడెను. నగరమున చదివి పండుగకు వచ్చిన కుమారుడు సాంచె నడుపు తండ్రితో “నీకు కంప్యూటరు సమజ్ గాదులే బాపూ” అనుట ఇట్టి ఊళ్లలో అరుదైన ముచ్చట కాదు. తండ్రి ఊరకుండును. ఆ కుమారునకు తెలియని కథ యొకటి కలదు.

నేతలో పువ్వు తీయుటయనగా పడుగుపోగులలో ఏవి పైకి లేవవలెనో, ఏవి క్రింద నుండవలెనో ప్రతి పేకకును నిర్ణయించుట. పూర్వము ఐరోపాలో పూలనేత మగ్గముకడ ఒక సహాయకుడుండి, త్రాళ్లు లాగి పోగుల నెత్తుచుండెడివాడు. ఒక్క త్రాడు తప్పినచో పువ్వు చెడును. 1725లో ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమునందు బాసిల్ బూషాన్ అనువాడు రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీతో ఈ శ్రమను తగ్గింప యత్నించెను. 1804 ప్రాంతమున ఆ నగరమునకే చెందిన జోసెఫ్ మరీ జకార్డు, గట్టి అట్టలను మాలగా కుట్టి మగ్గముపై నడపు యంత్రమును సిద్ధపరచెను. అట్టలో రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఎంత పెద్ద పువ్వైనను, ఎంత చిక్కని లతయైనను, ఆ యంత్రమునకు తెలిసినవి ఈ రెండు మాటలే: ఔను, కాదు.

ఆ అట్టలు నేతశాలను దాటి గణితశాస్త్రజ్ఞుని గదికి చేరినవి. 1830ల దశాబ్దమున ఇంగ్లండు దేశపు చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన మహాగణన యంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకై జకార్డు అట్టలనే ఎన్నుకొనెను. పట్టుగుడ్డపై నేసిన జకార్డు ముఖచిత్రమొకటి అతని యింట నుండెడిది. దానిని నేయుటకు సుమారు 24,000 అట్టలు పట్టెనట! 1843లో ఆ యంత్రమును లోకమునకు వివరించిన అడా లవ్లేసు అను విదుషి సైతము మగ్గముతోనే దానిని పోల్చి చెప్పెను. బాబేజి యంత్రము పూర్తికాలేదు. కాని 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలెరిత్ రంధ్రముల కార్డులతోనే లెక్కకట్టెను. తరువాత వచ్చిన కంప్యూటర్లకు 1970ల వరకు అట్టి కార్డులతోనే పని చెప్పెడివారు. నేటి యంత్రముల లోపల అట్టలు లేవు గాని, ఔను-కాదు అను ఆ రెండు మాటలు మాత్రము అట్లే యున్నవి.

కంప్యూటరు వంశవృక్షమును వ్రాసినచో నేతగాడు తాతల వరుసలో నుండును. దీనినిబట్టి సాంచె నడుపువానికెల్ల కంప్యూటరు దానంతట వచ్చునని కాదు. అది వట్టి ముఖస్తుతి యగును. తండ్రికి తెలియనిది కంప్యూటరు మాటలు. అందలి ఆలోచన అతనికి కొత్తది కాదు. పోగు లేచుట, లేవకపోవుట అను చోట మొదలుపెట్టి చెప్పినచో అతడు గడియలో గ్రహించును. అచటినుండి మొదలుపెట్టవచ్చునని కుమారునకు తెలియకపోవుటయే ఇచటి అజ్ఞానము. అది తండ్రిది కాదు.

నేతపనివారి తెలివిని తక్కువగా అంచనా వేసినవారు ఇంకొకచోటను పొరబడిరి. సిరిసిల్లకు దూరముగా, ఆలేరులో, చింతకింది మల్లేశము అను నేతపనివాడు కలడు. పోచంపల్లి పద్ధతి చీరలకు నేతకు ముందు ఆసు పోయవలెను. అనగా అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు నూలును చేతితో త్రిప్పవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి ఆడవలెను. తల్లి లక్ష్మి ఆ పని చేసి చేసి భుజముల నొప్పితో బాధపడుట చూచి, అతడు 1992లో యంత్రము కట్టుటకు పూనుకొనెను. పాఠశాల చదువు నడుమనే ఆగినది. ఎగతాళి చేసినవారు కొరవడలేదు. పనికి పోయినచోట్ల యంత్రముల కదలికను చూచి, తెలియనిదానిని నేర్చుకొని, 1999లో దానిని ముగించి, తల్లిపేరు పెట్టెను. 2017లో అతనికి పద్మశ్రీ బిరుదము లభించినది. ఆ యంత్రము వలన ఎందరో స్త్రీల భుజములు నొప్పి తప్పించుకొన్నవి. బిరుదముకన్న ఇది గొప్ప.

నిజముగా తెలిసినవారు ఎట్లుందురో చూడగోరినచో జగిత్యాల చేరువనున్న పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానమును గమనింపవచ్చును. ‘జగిత్యాల సన్నాలు’ అను వరి అచట పుట్టినదే. ఒక కొత్త వరి రకము విడుదల కావలెనన్న ఏండ్లు పట్టును. రెండు రకములను సంకరపరచి, తరతరమునను ఏరి, పలుచోట్ల పండించి పోల్చి, తుదకు రైతులకు కొలదికొలదిగా విత్తనమిచ్చి వారి పొలములలో వేయింతురు. పిమ్మట, గాలికి పైరు పడిపోయెనా, చీడ తగిలెనా, అన్నము మెత్తగా నున్నదా అని అడుగుదురు. పెద్ద చదువు చదివిన శాస్త్రజ్ఞుడు గట్టుమీద నిలిచి బురదలోని రైతు నడుగుటలో చిన్నతనమేమియు లేదు. అడుగనిచో విత్తనమే తప్పిపోవును. కోరుట్ల పశువైద్య కళాశాలలో చదివిన వైద్యుడును, గొడ్డు ఏనాటినుండి మేత మానెనని కాపరినే అడుగవలెను; గొడ్డు చెప్పదు గదా!

అయితే దోషమంతయు తెలిసినవానిపైననే మోపుట న్యాయము కాదు. ఒకే ప్రశ్నను పదిమారులు విని పదకొండవమారు విసుగుకొన్నవానిని పండితమ్మన్యుడనరాదు. వానికి ఇతర పనులు నుండును. నేర్చుకొను యత్నమే చేయక, ప్రతిదినము పని చేయించుకొని పోవువారును కలరు. “మా కాలమున ఇవేవియు లేకయే బ్రతుకలేదా?” అని యంత్రమునే తూలనాడు పెద్దలును కలరు. అదియు నొక గర్వమే. తెలియకపోవుట తప్పు కాదు. తెలియకపోవుటను బిరుదమువలె ధరించుట తప్పు.

మరి చిన్నచూపునకు గురియైనవాడు చేయవలసినదేమి? తిరిగి తిట్టుట సులభము. దానివలన పని తెలియదు. “తెలియదు, అందుకే అడుగుచున్నాను” అని కన్నులెత్తి చెప్పవలెను. పిమ్మట, “నీవు చేయవద్దు, నాచేత చేయింపుము” అనవలెను. పండితమ్మన్యునకు ఇంతకన్న కఠినమైన పరీక్ష లేదు. అతని వ్రేళ్లకు తెలిసినది నోటికి తెలియదు. మాటమాటకు ఆంగ్లపదము దొరలినచో, దానిని ఇంటిమాటలలో చెప్పుమని అడుగవలెను. చెప్పగలిగినచో అతడు నిజముగా ఎరిగినవాడే. ఆ విద్యను కృతజ్ఞతతో గ్రహింపవలెను. తడబడినచో అతనికే తెలియని చోటు కనబడును. అపుడు నవ్వరాదు. ఇద్దరును కలిసి వెదకుకొనవచ్చును. ఎంత అడిగినను మాటలు విసరుటయే అతని స్వభావమైనచో మరియొకరి నడుగుట అవమానము కాదు. జగిత్యాలలో దుకాణము ఒక్కటే లేదు.

కోరుట్ల ఇంటిలో మనుమడు నాలుగవనాడు గూటిలోని ఫోను తీసి అవ్వ ప్రక్కన కూర్చుండెననుకొందము. ఈ మారు తాను నొక్కడు. ఆమె వ్రేలిని పట్టి తెరమీది గుర్తుపై నుంచును. వ్రేలు గట్టిగా అదుమును. తెర వేరొక చోటికి పోవును. మరల మొదటికి వత్తురు. పొలము పనులకు పగిలిన వ్రేలిని తెర గుర్తింపక మొరాయించును. కొంగుతో తుడిచి మరల నొక్కును. ఇట్లు చాలసేపు గడచిన పిమ్మట తెరమీద కొడుకు ముఖము కనబడును. మాటలు ముగిసి, ఫోను పెట్టివేసిన తరువాత, అవ్వ దానిని గూటిలో పెట్టక, తెరమీద మరియొక గుర్తును చూపి, “గిదేంది బిడ్డా?” అని అడుగును.