క్షేమము లేని యోగము

దేశం దరిద్రమైతే "అంతా కలిప్రభావం" అనడం మనలో పరిపాటి అయినది. ఇది భక్తివాక్యంలా వినిపిస్తుంది, విచారిస్తే బాధ్యతాపరిత్యాగమే. ఒకే యుగంలో, ఒకే నేలపై, ఒకే నదీజలంతో ఒక తరం క్షీణించి మరొక తరం వర్ధిల్లినప్పుడు, కారణాన్ని కలిపై మోపడం తర్కానికి నిలువదు.

లేనిదానిని పొందడం యోగం. పొందినదానిని రక్షించుకోవడం క్షేమం. యోగక్షేమములలో రెండవదానిని విస్మరించిన జాతి కాలక్రమంలో క్షీణిస్తుంది. ఇదే నా సిద్ధాంతం.

మన గోదావరీమండలమే నిదర్శనం. నందన నామ సంవత్సరంలో, అనగా 1832-33లో, ఘోరక్షామం తెలుగునేలను దహించింది. రాజమహేంద్రవరం జిల్లాలో 1821 నాటికి సుమారు 7 లక్షల 38 వేలున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. వర్షాభావం నిమిత్తమాత్రం. కుంపిణీ శిస్తును పిండుకున్నదే గాని, ఆ పంటకు ఆధారమైన చెరువులను, కాలువలను ఉద్ధరించలేదు. తన రాబడికే ముప్పు వచ్చిన పిమ్మట మేల్కొన్నది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం వద్ద ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు సాగాయి, క్షామపీడితమైన నేలయే ధాన్యాగారమైనది. కలి తొలగిపోలేదు, గోదావరి మారలేదు. జలరక్షణ ఒక్కటే మారింది.

"అయితే దోషమంతా పరపాలనదే" అని కొందరంటారు. దేశసంపద దేశానికి తిరిగి వినియోగం కాక విదేశానికి తరలిపోవడమే దారిద్ర్యహేతువని దాదాభాయి నౌరోజీ 1901 నాటి తన గ్రంథంలో వాదించారు. అది సత్యం. కాని స్వపాలనలో మన కొల్లేటికి పట్టిన గతి ఎవరి దోషం?

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల వరదను తన కడుపున దాచుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి విడిచే సరస్సు అది. దానిలో చేపల చెరువులకు గట్లు వేశాం. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం గట్లు తెగగొట్టించింది. గట్లు మళ్ళీ లేచాయి!

"చేపల వల్లనే కదా ఇంత సిరి వచ్చింది" అనేవారికి నా సమాధానం ఇది: వచ్చినది నిజమే, అది యోగం. నీరు నిలిచే చోటును ఆక్రమించి, పారే దారిని అడ్డగించి, మురికిని సరస్సులోకి వదిలి ఆర్జించినప్పుడు, మనం అనుభవించేది వడ్డీ కాదు, మూలధనం. ఆ లాభం కొందరిది. మునిగే పొలమూ, వల ఖాళీగా తిరిగివచ్చే ఇల్లూ వేరొకరివి. జాతీయసంపద క్షీణించే విధానం సర్వత్రా ఇదే. ఆదాయపు లెక్కలో లాభం కనిపిస్తుంది; మూలనాశనం ఏ లెక్కలోనూ వ్రాయబడదు.

మన ధర్మశాస్త్రాలు ఇష్టముతో పాటు పూర్తమును విధించాయి. యజ్ఞాదులు ఇష్టం, వాపీకూపతటాకాదుల నిర్మాణం పూర్తం. తటాకప్రతిష్ఠను సప్తసంతానాలలో ఒకటిగా పెద్దలు లెక్కించారు. నేను అర్చకుడను; ఇష్టాన్ని తక్కువ చేయను. కాని కొల్లేటికోట పెద్దింట్లమ్మకు చీర పెట్టి, ఆ తల్లి కొలువున్న సరస్సును పూడ్చేవాని పూజ అర్ధపూజ కూడా కాదు. హుండీలో ధనం వేసే ముందు అది ఏ నీటిని అడ్డగించి వచ్చినదో ప్రతి ఆస్తికుడూ ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్న అడగవలసిన ప్రథమబాధ్యత మా అర్చకులది.