ఉప్పెన వేళ పురోహితుని ధర్మం

కార్తికమాసం వచ్చిందంటే బాపట్ల పరిసరాలలోని భక్తులు తెల్లవారకముందే సూర్యలంక చేరి సముద్రస్నానం చేస్తారు. రేపల్లె వైపువారు కృష్ణమ్మలో మునిగి దీపాలు వదులుతారు. నీటిని దైవంగా భావించి మొక్కే ఆ మాసంలోనే, నీరే మృత్యువై మీదపడిన దినం ఒకటున్నది. పింగళనామ సంవత్సర కార్తిక శుక్లపక్షంలో, 1977 నవంబరు 19 శనివారం నాడు వచ్చిన ఉప్పెనను మీ ఇంటి పెద్దలు మరచి ఉండరు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన కడలి దివిసీమను తుడిచిపెట్టింది. అప్పటి గుంటూరు జిల్లా తీరమూ ఆ దెబ్బకు తల్లడిల్లింది. బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు నూరుమంది, ఆ కట్టడమే కూలి అసువులు బాశారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే మొత్తం మృతులు సుమారు 10,000 మంది.

ఆ విపత్తులో లోకం మనను విడిచిపెట్టలేదు. అన్నం వచ్చింది, వస్త్రాలు వచ్చాయి. రామకృష్ణ మిషన్ సాధువులు వచ్చి సహాయ, పునరావాస కార్యాలకు పూనుకున్నారు. అయినా తీరని లోటు ఒకటి మిగిలిపోయింది. మృతదేహాలను గుట్టలుగా చేర్చి దహనమో ఖననమో చేయవలసి వచ్చింది. కన్నతల్లి ఏ చితిలో కాలిందో తెలియని బిడ్డలు, బిడ్డ ఏ గోతిలో చేరాడో తెలియని తల్లులు ఎందరో! పేరు చెప్పి పిలిచే గొంతు లేకుండానే ఎన్నో శరీరాలు మట్టిలో కలిసిపోయాయి. ఆకలి నాలుగు రోజులకు తీరుతుంది. అంతిమసంస్కారం చేయలేకపోయామన్న బాధ జీవితాంతం వెంటాడుతుంది.

అందుచేతనే ఈనాడు మీ ముందు ఒక మాట ఉంచుతున్నాను. విపత్తు వేళ వైద్యుడు, ఈతగాడు, వంటవాడు ఎంత అవసరమో, ధర్మం తెలిసి దుఃఖితుల ప్రక్కన కూర్చోగల పురోహితుడూ అంతే అవసరం. సహాయ బృందాల పట్టికలో అతనికి ముందుగానే స్థానం ఉండాలి.

ఇది కొత్త ఊహ కాదు. పాశ్చాత్య దేశాలలో సైన్యంతోనూ, అగ్నిమాపక దళాలతోనూ వెళ్లే మతాచార్యులు ఉంటారు. వారిని చాప్లెయిన్లు అంటారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలపై దాడి జరిగినప్పుడు, అగ్నిమాపక దళానికి చాప్లెయిన్ అయిన ఫాదర్ మైకల్ జడ్జ్ సిబ్బంది వెంట వెళ్లి, అక్కడే ప్రాణాలు విడిచారు. ఆనాటి మృతుల నమోదులో మొదటి పేరు ఆయనదే. మన భారత సైన్యంలో సైతం పండిట్, గ్రంథి, మౌల్వీ, పాదరీ అనే ధర్మగురువులు జూనియర్ కమిషన్డ్ అధికారుల హోదాలో ఉన్నారు. సరిహద్దులోని సైనికునికి ఉన్న ఈ ఆసరా, కట్ట తెగిన పల్లెలోని రైతుకు ఎందుకు ఉండరాదు?

మహాభారతంలోని స్త్రీపర్వాన్ని ఒకసారి స్మరించండి. యుద్ధం ముగిసింది. కురుక్షేత్రమంతా శవాలతో నిండిపోయింది. అప్పుడు ధర్మరాజు పట్టాభిషేకం సంగతి తలపెట్టలేదు. కురువంశ పురోహితుడైన సుధర్ముని, తమ పురోహితుడైన ధౌమ్యుని, విదుర సంజయాదులను పిలిచి, ఒక్క దేహమైనా దిక్కులేనిది కారాదని ఆజ్ఞాపించాడు. రాజులకు వేరువేరు చితులు పేర్చారు. దూరదేశాలనుండి వచ్చి అయినవారు లేక పడి ఉన్నవారిని కూడా విదురుడు సాదరంగా దహనం చేయించాడు. అరణ్యవాసంలో పాండవుల వెంట నడిచిన ధౌమ్యుడే శ్మశానంలోనూ వారి వెంట నిలిచాడు. పురోహితుడన్న మాటకు ముందుండి హితం కూర్చేవాడనే కదా మనం చెప్పుకునే అర్థం! శ్రీరామచంద్రుడు సైతం భార్యావియోగంతో కుమిలిపోతూనే, జటాయువుకు తండ్రికి చేసినంత శ్రద్ధగా సంస్కారం చేశాడు.

దేహం దొరకనప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు కూడా మన ధర్మశాస్త్రాలు దారి చూపాయి. మోదుగ కాడలతో, దర్భలతో ప్రతిరూపం కల్పించి దహనం చేసే విధి ఉన్నది. అకాల దుర్మరణం పాలైనవారికి నారాయణబలి ఉన్నది. కడలి మింగిన భర్తకు ఏ కర్మా చేయలేకపోయానని ఏళ్లతరబడి కుమిలే ఇల్లాలికి ఈ విషయం చెప్పేవారేరీ? శాస్త్రం గ్రంథాలలో ఉండి, దుఃఖం గుడిసెలో ఉంటే ప్రయోజనమేమి?

ముందు కూడు, గూడు చూడండి, మంత్రం తరువాత అని కొందరనవచ్చు. నిజమే. 1898లో కలకత్తాలో ప్లేగు ప్రబలినప్పుడు, అవసరమైతే మఠం కోసం కొన్న స్థలాన్నైనా అమ్మివేస్తానన్నాడు వివేకానందస్వామి. ప్రాణరక్షణ తరువాతనే ఏదైనా. అయితే శవాలవల్ల అంటురోగాలు ప్రబలుతాయన్న భయంతో పాతరోజులలో పడిన తొందర నేడు అక్కరలేదు. ప్రకృతి విపత్తులలో మరణించినవారి దేహాలవల్ల మహమ్మారులు పుట్టవని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. విపత్తులలో మానసిక సాంత్వన గురించి 2009లోను, మృతదేహాల గౌరవప్రదమైన నిర్వహణ గురించి 2010లోను జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. 2013 జూన్‌లో కేదారనాథ్ వరదల అనంతరం, మృతుల దహనానికి కట్టెలు చేరవేసే పనిలో ఉన్న వాయుసేన హెలికాప్టర్ గౌరీకుండ్ దగ్గర కూలి, అందులోని 20 మందీ అమరులయ్యారు. అంతిమసంస్కారం కోసం ప్రాణాలకు తెగించినవారు ఈ కాలంలోనూ ఉన్నారు.

ఇక, వెళ్లిన పురోహితుడు ఏమి మాట్లాడాలి? ఇక్కడే మనం ఎక్కువగా పొరపడుతున్నాము. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "నీ పూర్వజన్మ కర్మమమ్మా" అనడం ఓదార్పు కాదు, పుండు మీద కారం చల్లడం. కర్మసిద్ధాంతం మన నడవడిని మనం దిద్దుకోవడానికి పెద్దలు చెప్పినది. ఎదుటివాని కష్టాన్ని తూచడానికి అది తక్కెడ కాదు. గీతాచార్యుడు సైతం మొదటి అధ్యాయంలో అర్జునుని దుఃఖాన్నంతా వినిన పిమ్మట, అతడే శిష్యుడనై అడుగుతున్నానన్న తరువాతనే బోధకు ఉపక్రమించాడు. మన పల్లెల పరామర్శ ఎంత గొప్పదో గమనించండి. చావింటికి వెళ్లినవారు మౌనంగా కూర్చుంటారు. పొయ్యి వెలగని ఆ ఇంటికి ఇరుగుపొరుగువారు అన్నం పంపుతారు. లేచేటప్పుడు "వెళ్లివస్తాము" అనరు. మాట కన్న సన్నిధి మిన్న అన్న సత్యం ఆ ఆచారంలో ఇమిడి ఉన్నది. సహాయ శిబిరానికి వెళ్లే ధర్మగురువుకు అదే మొదటి పాఠం కావాలి.

మనలో ఉన్న మరొక దోషాన్ని కూడా ఒప్పుకోక తప్పదు. అపరకర్మలు చేయించే బ్రాహ్మణుని శుభకార్యాలకు పిలవడానికి జంకే ఇళ్లు నేటికీ ఉన్నాయి. శవాన్ని మోసినవానిని, కాటికాపరిని దూరంగా నిలబెట్టేవారూ ఉన్నారు. సత్యహరిశ్చంద్రుని కథ విని కన్నీరు కార్చే మనం, ఆయన నిలిచిన చోట నిలిచినవారిని చిన్నచూపు చూడటం ఏ ధర్మం? ఈ గౌరవం మనం ఇవ్వకపోతే, రేపటి ఆపదలో ముందుకు వచ్చేవారు ఉండరు.

ఆపద ఎంతో దూరాన లేదు. 2009 అక్టోబరులో ఓలేరు దగ్గర కృష్ణ కట్టకు గండిపడి రేపల్లె ప్రాంతం జలమయమైంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు మించినప్పుడు కట్ట దిగువ పల్లెలు నిద్రలేని రాత్రులు గడిపాయి. రేపల్లెకు నది గండం, బాపట్లకు సముద్ర గండం. ఈ రెండింటికీ రైలుదారి కలిసేది తెనాలిలో. కనుక తెనాలి దేవాలయాల పెద్దలు ముందడుగు వేయడం సముచితం. ఆశ్వయుజం రాకముందే, దక్షిణ ఆశించక ఏ కులం ఇంటికైనా వెళ్లగల పురోహితుల పేర్లు వ్రాసి అధికారులకు ఇవ్వండి. దర్భలు, తిలలు, నెయ్యి, కొత్త వస్త్రాలు ఒకచోట భద్రపరచండి. దుఃఖితులతో ఎలా మెలగాలో వైద్యులచేత వారికి శిక్షణ ఇప్పించండి. మత్స్యకారులకు తమవైన ఆచారాలు ఉంటాయి. వాటిని అడిగి తెలుసుకుని పాటించండి. శిబిరంలో ముస్లిములుంటే ఇమామును, క్రైస్తవులుంటే పాస్టరును పిలిపించండి. కష్టంలో ఉన్నవాని మతం మార్చాలని చూడటం ఎవరికైనా పాపమే.

తర్పణవిధిలో చివరి ఘట్టం మీకు తెలిసే ఉంటుంది. తల్లి, తండ్రి, బంధువు, మిత్రుడు ఎవరూ లేనివారిని తలచి, తడివస్త్రం పిండి ఆ నీటిని వారికి విడుస్తాము. ఈ మహాలయ పక్షంలో ఆ వస్త్రం పిండేటప్పుడు, 1977 నాటి ఆ పేరులేని చితులను ఒక్క క్షణం తలచుకోండి. ఆ తరువాత, రాబోయే తుపానులో ఏ ఒక్కరికీ ఆ గతి పట్టకుండా మీ ఊరి గుడిలో ఏమి సిద్ధంగా ఉన్నదో వెళ్లి అడగండి.