పనులలో ఒక పని

నెల పట్టిన నాటినుండి పెద్దపండుగ వెళ్లువరకు తెలుగింటి ఇల్లాలికి తీరిక యనునది కానరాదు. డిసెంబరు 16 ప్రాంతమున సూర్యుడు ధనూరాశిని ప్రవేశించునప్పటికే పంట కళ్లమునుండి ఇంటికి వచ్చుచుండును. గాదెలు దులుపవలెను, గోడలకు వెల్ల వేయింపవలెను, అటకమీది ఇత్తడి సామానులు దింపి చింతపండుతో తోమవలెను, పండుగకు రాబోవు కూతుండ్రకును అల్లుండ్రకును పరుపులు ఎండబెట్టవలెను. ఇంతటి పనికిని కృష్ణాతీరమున ఆ దినములలో పగలు 11 గంటలకు కొంచె మెక్కువ మాత్రమే. అందులోను కొంత మంచు విడుటకే సరిపోవును.

ఇట్టి నెలలో ఆమె పెండ్లికి పూర్వము నేర్చిన వీణ గవిసెన విప్పకయే మూల నుండిపోవును. లేదా సగము కుట్టిన పూలతీవె చట్రమునందే నిలిచిపోవును. ‘పండుగ కానిమ్ము, తరువాత చూతము’ అని ఆమె తన్ను తాను సమాధానపఱచుకొనును. ఆ తరువాత ఏమి? మాఘములో బంధువుల యిండ్ల పెండ్లిండ్లు, ఫాల్గుణములో చింతపండు గింజ తీయుట, ఎండలు ముదిరిన కొలది వడియములు, అప్పడములు, వాని వెనుకనే ఆవకాయ. తీరిక దొరికిన పిమ్మట వీణ ముట్టుదు ననుకొన్నవారికి ఆ పిమ్మట పంచాంగములో ఏ పుటయందును కనబడదు.

ఇంత సందడిలోను ఒక కళ మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. అది ముగ్గు. తెల్లవారుజామున కల్లాపి చల్లిన వాకిలి మిక్కిలి తడిగా నున్నచో పిండి కరగి గీత చెదరును. మిక్కిలి ఆరినచో పిండి నిలువక గాలికి పోవును. ఆ రెంటికి నడుమనున్న అదను కనిపెట్టి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని మధ్య పిండి పట్టి, 15 చుక్కలతో నడిమి వరుస పెట్టి, ఇరుప్రక్కలను మధ్యచుక్కగా 8 వచ్చువరకు తగ్గించుకొనుచు పోయినచో మొత్తము 169 చుక్కలు కుదురును. వానిలో ఒక్కటి ఒరిగెనా, మెలిక ముగ్గులో బయలుదేరిన గీత తిరిగి తన మొదటికి చేరదు. సామాన్యమైన శ్రద్ధతో అగు పని కాదిది. అయినను, చలికి వ్రేళ్లు కొంకరలు పోవుచున్నను, ‘నేడు నాకు ఉత్సాహము లేదు, ముగ్గు రేపు వేసెదను’ అని ఏ యిల్లాలును చెప్పగా నేను వినలేదు. ముగ్గు కళ యని ఆమె తలంపదు, పాచిపనితోడి పని యని తలంచును. ఉత్సాహ మున్నదా లేదా యని విచారించుకొనుటకు ఆమెకు వ్యవధి లేదు. మూడు వరుసలు చుక్కలు పడునప్పటికి అది తానై వచ్చును. (చిల్లుల గొట్టము దొర్లించి ముగ్గైన దనిపించువారి సంగతి నేను చెప్పుట లేదు.)

నాకు తోచున దేమనగా, ముగ్గునకు ఇంటిలో గల అంతస్తు వీణకును సూదిపనికిని లభింపవలెను. ముగ్గు వేయుచున్న స్త్రీని ఎవ్వరును పిలువరు. పాలవాడు సైతము ప్రక్కగా తప్పుకొని పోవును. ఆమెయే వీణ యెదుట కూర్చున్నచో, ‘ఊరకనే యున్నావు గదా, కాస్త కాఫీ కలిపి యిమ్ము’ అని పడకకుర్చీనుండి ఆజ్ఞ వచ్చును. చలికాలపు ప్రశాంతత రచనకు అనుకూలమని మురియు మగవారము, మనకు తెల్లవారుజామున వేడినీళ్లు కాచిన దెవ్వరో స్మరింపము.

పనులలోను సందులు కలవు. అరిసెల బియ్యము రాత్రియంతయు నానవలెను. గోడకు మొదటి పూత ఆరినగాని రెండవది వేయరాదు. ఆ వేళలలో వర్ణము మొదలిడి పూర్తిచేయుద మన్న ఆశ వలదు. జంటవరుసలు రెండు కాలములలో వాయించిన చాలును, వ్రేలు మొద్దుబారకుండును. సూదిపని యైనచో ఒక ఆకు కుట్టవచ్చును. కాని పాకము పొయ్యిమీద నున్నప్పుడు ఏ కళయు వలదు. నీళ్లలో వేసిన బెల్లపు చుక్క మెత్తని ఉండ కట్టు క్షణము దాటెనా, అరిసె గట్టిపడి పంటికి లొంగదు. పిండి పోసి కలుపుటకు ఒక మనిషియు, నూనెలోనుండి తీసిన అరిసెను చెక్కల నడుమ నొక్కుటకు మరియొక మనిషియు కావలెను. ఆ రెండవవాడు ఇంటి యజమాని కావచ్చును. చెక్కలు నొక్కుట పురుషులకు నిషిద్ధమని నే నెఱిగినంతలో ఏ ధర్మశాస్త్రమును చెప్పలేదు.