ఆ 'అయ్యా' ఇక అనొద్దు

ఆమధ్య ఓ అర్ధరాత్రి మా పల్లెలో ఒక పెద్దమ్మకి పాము కరిచింది. ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పోయాం. గుమ్మంలోనే మొదటి ప్రశ్న, "చీటీ రాయించారా?" రెండోది, "ఊళ్లోవాళ్లా, పల్లెవాళ్లా?" ఆమెని బల్ల ఎక్కించడానికి అరగంట పట్టింది. బి.ఎడ్. చదివి పిల్లలకి పాఠాలు చెప్పే నేను కూడా చేతులు కట్టుకుని "అయ్యా, కాస్త చూడండయ్యా" అని బతిమాలాను. పెద్దమ్మ బతికింది. ఆ 'అయ్యా' మాత్రం నన్నింకా కరుస్తానే ఉంది.

ఎందుకంటే అది అడుక్కునేది కాదు, హక్కు.

1992లో పశ్చిమ బెంగాల్లో వ్యవసాయ కూలీ సంఘం సభ్యుడు హకీం షేక్ రైలు మీంచి పడ్డాడు. తలకి పెద్ద దెబ్బ. కలకత్తా సర్కారు ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదనీ, సౌకర్యం లేదనీ తిప్పి పంపాయి. చివరికి డబ్బు పోసి ప్రైవేటులో చూపించుకున్నాడు. కూలీ సంఘం కోర్టుకెక్కింది. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ప్రాణం మీదికి వచ్చినవాడికి సర్కారు ఆసుపత్రి వేళకి వైద్యం చెయ్యకపోతే, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాసినట్టే. డబ్బుల్లేవనే సాకు చెల్లదు. 25 వేల పరిహారం ఇప్పించింది. ఒంటరిగా ఏడిస్తే వచ్చింది కాదది, సంఘం కొట్లాడితే వచ్చింది.

అంతకుముందే, 1989లో, పోలీసు కేసు అయినా సరే ముందు వైద్యం చెయ్యాల్సిందేనని అదే కోర్టు చెప్పింది. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా.

ఒక మాట మనం కూడా తెలుసుకోవాలి. అత్యవసర విభాగంలో ముందొచ్చినవాళ్లని ముందు చూడరు, ప్రాణం పోయేట్టున్నవాళ్లని ముందు చూస్తారు. ఊపిరాడనివాణ్ణి మనకంటే ముందు లోపలికి తీసుకుపోతే అది కులం కాదు. దొరగారి గీరుడుకి కట్టు కట్టేదాకా మన నెత్తురు కారుతుంటే మాత్రం అది కులమే. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న అట్రాసిటీ చట్టం సవరణ ప్రకారం, మనల్ని ఆసుపత్రిలోకి పోనివ్వకుండా అడ్డుకోవడం నేరం.

కొట్లాటలో దెబ్బలు తిని పోయినప్పుడు ఎవరు కొట్టారో, దేంతో కొట్టారో డాక్టరుకి చెప్పండి. ప్రతి దెబ్బా రాయించండి. గాయాల సర్టిఫికెట్ సరిగా లేకపోతే రేపు కోర్టులో కేసు నీరుగారిపోతుంది. ఆడకూతురిపై అత్యాచారం జరిగితే ఏ ఆసుపత్రయినా వెంటనే ఉచితంగా ప్రథమ చికిత్సా, వైద్యమూ చెయ్యాల్సిందే. 2013 నుంచి చట్టం అది.

108 బండికి పైసా ఇవ్వనక్కర్లేదు. వేరే ఊరికి పొమ్మంటే ఎందుకో కాగితం మీద రాసిమ్మనండి. ఎన్నింటికి పోయారో, డ్యూటీలో ఎవరున్నారో రాసుకోండి. చెయ్యి మాత్రం చేసుకోవద్దు. వంద మందికి ఒక్క డాక్టర్ని పెట్టిన సర్కారుతోనే మన తగాదా.

ఆ ఆసుపత్రి నేల కడిగేది మనవాళ్లే. అక్కడ మంచం మీద పడుకోడానికి మనమెందుకు బతిమాలాలి? ఈసారి ఒక్కరే పోకండి. సంఘంతో పొండి. నిలబడి అడగండి.

జై భీం.