రంగుల వెనుక వ్యాకరణం

కంప్యూటరు ప్రోగ్రాం రాసే విద్యార్థికి తెరమీద మొదట కనిపించేవి రంగులు. ఆదేశ పదాలకు ఒక రంగు, కొటేషను గుర్తుల నడుమనున్న మాటలకు మరొకటి, వ్యాఖ్యలకు వేరొకటి. దీనినే సింటాక్స్ హైలైటింగ్ అంటారు. ఈ రంగులు ఎడిటరుతో పాటే పుట్టినవని పలువురి భావన. నిజానికి ప్రతి రంగు వెనుకా ఎవరో రాసిపెట్టిన నిర్వచనం ఉన్నది. అట్టి నిర్వచనాలను మన విద్యార్థులు స్వయంగా రాయగలగాలని మా అభిప్రాయం.

ఈ విద్యకు నిఘంటువుతో పాత చుట్టరికమే ఉన్నది. 1985 ప్రాంతంలో ఐ.బి.ఎం.కు చెందిన మైక్ కౌలిషా, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువును కంప్యూటరులోకి ఎక్కించే కృషికై ‘లెక్స్’ అనే ఎడిటరును నిర్మించారు. పాఠంలోని వేర్వేరు భాగాలను రంగులతో ఎత్తిచూపడం అందులోని విశేషం.

నిర్వచనం రాయడం అసాధ్యమేమీ కాదు. ఉచితంగా లభించే విమ్ ఎడిటరులో సూత్రాలు ముఖ్యంగా మూడు విధాలు. ఉన్నదున్నట్లు గుర్తించవలసిన పదం ‘కీవర్డ్’; ఒక నమూనాకు సరిపోయే అక్షరాల వరుస ‘మ్యాచ్’; ఒక గుర్తుతో మొదలై వేరొక గుర్తుతో ముగిసే భాగం ‘రీజియన్’. ఏది దేనిలో ఇమిడి ఉండవచ్చునో, ఏది ఉండరాదో తెలియనిదే ఈ మూడింటినీ సరిగా అమర్చలేము. అనగా ఆ భాష వ్యాకరణాన్ని ఆకళించుకొనక తప్పదు.

ప్రతి భాషకూ సిద్ధమైన నిర్వచనాలు దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చు. సీ, పైథాన్ వంటి వాటికి అవి దొరుకుతాయి. మన భాషల అవసరాలు తీర్చేదెవరు? పిగ్మెంట్స్ అనే ప్రసిద్ధ సాధనం పైథాన్‌లోని ‘రీ’ మాడ్యూలుపై ఆధారపడినది. ఆ మాడ్యూలులో పదాక్షరాన్ని సూచించే సంకేతం మన హల్లులను గుర్తిస్తుంది గాని గుణింతపు గుర్తులను లెక్కలోకి తీసుకొనదు. అందువలన ‘తెలుగు’ అనే ఒక్క మాట మూడు ముక్కలవుతుంది! యూనికోడులో తెలుగు లిపికి కేటాయించిన 128 స్థానాల హద్దులను నిర్వచనంలో మనమే పేర్కొంటే ఆ చిక్కు తీరుతుంది. మన మాట ముక్కలైనదని గమనించవలసినవారము మనమే గదా!

కనుక కళాశాల సంఘం వారికి మా మనవి ఇది. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి శాస్త్ర పదకోశమొకటి సాదా పాఠంగా తయారుచేసి, దానికి తగిన నిర్వచనం రాయడాన్ని ప్రయోగశాల అభ్యాసంగా చేర్చాలి. ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి సాగుతాయి గనుక వాటిని వేర్వేరు పంక్తులలో ఉంచడం మేలు. ఉర్దూ పదానికి, తెలుగు పదానికి, ఉదాహరణకు తలా ఒక రంగు ఉంటే, లోపించిన భాగం వెంటనే పట్టుబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేనివారు కూడా ఉంటారు గనుక రంగుతో పాటు ముద్దక్షరాలను సైతం వాడాలి.

రంగు పడినంత మాత్రాన రాసినది ఒప్పని కాదు. అర్థం సరియైనదో కాదో మనిషే తేల్చాలి. ఆ పనికి ఉర్దూ తెలిసినవారూ, తెలుగు తెలిసినవారూ ఒక్క బల్లవద్ద కూర్చొనవలసి ఉంటుంది. అట్టి అవకాశం మన కళాశాలలో ఉన్నది. దానిని వృథా చేయరాదు.