గండికి పోయొచ్చే ఇంజను

ప్రొద్దుటూరులో మా అక్కావాళ్ల పెరట్లో, రేకుల షెడ్డు కింద అరవైల నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారుంది. మద్రాసులో తయారైంది. రెండే తలుపులు. బానెట్టు ఎత్తితే ముందు చక్రాల మీది రేకులతో సహా మొసలి నోరులా తెరుచుకుంటుంది. బావ పోయి పన్నెండేళ్లయింది. ఆయన ఉన్నన్నాళ్లూ శ్రావణ శనివారం వచ్చిందంటే అందరం అందులో ఇరుక్కుని, ఎర్రగుంట్ల, వేంపల్లె మీదుగా గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోవలసిందే. కొండల్ని చీల్చుకుని పాపాఘ్ని నది బయటికొచ్చే ఆ చోట కారాపి, రేడియేటరులో నీళ్లు చూసుకున్నాకే ఆయన కొబ్బరికాయ చేతికి తీసుకునేవాడు.

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి మేనల్లుడొచ్చాడు. "మామా, నాయన కారు బాగుచేయిస్తా. శ్రావణానికి అమ్మను అందులోనే గండికి పిల్చకపోతా. కాకపోతే ఇంజను మార్చాల" అన్నాడు. అక్క మొహం ముందు వెలిగి, ఆ చివరి మాటకు ఆరిపోయింది.

"కంప్యూటరుతో నడిచే ఇంజనైతే దారిలో మొరాయిస్తే ఎవురూ చూడల్యారు. పాతదే, కార్బురేటరుదే పెడదాం" అన్నాడు. తెలివైన మాటే. కార్బురేటరు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఇంజను పీల్చే గాలి ఒక సన్నని గొంతులోంచి పోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గి, పక్కనున్న గిన్నెలోని పెట్రోలు చిన్న బెజ్జం గుండా లేచి గాలిలో కలుస్తుంది. బెజ్జంలో నలుసు పడితే విప్పి ఊదితే సరి. చెట్టు నీడ, స్క్రూడ్రైవరు ఉంటే చాలు.

వాడి దగ్గర చిట్టా కూడా ఉంది. మొదటిది అంబాసిడరు 1489 సీసీ ఇంజను. దీని తోబుట్టువునే రెండు కార్బురేటర్లతో 1955లో ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో పెట్టారు. రెండోది కాంటెస్సాలో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు. మూడోది ప్రీమియర్ పద్మినిది, 1089 సీసీ. కుర్రాడి మనసు ఇసుజు మీదుంది.

బావ కాలం నాటి మేస్త్రీని పిలిపించాం. ఆయన చిట్టా అంతా విని, కారు వెనక వంగి చూసి, ఒకే ప్రశ్న వేశాడు. "అబ్బోడా, ఉరికేదానికి ఇంజను తెస్తాండావు. నిలబెట్టేదానికి ఏం తెస్తాండావు?"

హెరాల్డు సొంత ఇంజను 948 సీసీ. శక్తి సుమారు 35 హార్స్ పవర్. గేర్లూ, ఇరుసులూ, నాలుగు చక్రాల డ్రమ్ము బ్రేకులూ ఆ లెక్కకే చేసినవి. పైగా వెనక చక్రాలు దేని ఇరుసు మీద అది ఊగే రకం. మలుపులో వేగంగా పోతూ ఉన్నట్టుండి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే, చక్రం లోపలికి ముడుచుకుని తోక పక్కకు విసురుతుంది. ఇంజను శక్తి రెట్టింపైతే ఆ ప్రమాదమూ పెరుగుతుంది. బరువైన ఇంజను ముందు కూర్చుంటే స్టీరింగు మొద్దుబారుతుంది. చిన్న రేడియేటరు కడప ఎండకు చేతులెత్తేస్తుంది. కట్ట బలం చూడకుండా చెరువు నింపితే పడేది గండే కదా!

అసలు తయారీదార్లే ఈ కారు ఛాసిస్‌ను పొట్టి చేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండింటికీ రూపకర్త ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టే. అందులో పెట్టింది కొండంత ఇంజనేం కాదు, 1147 సీసీ. దాంతోపాటు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులిచ్చారు. వేగానికి తగ్గ కళ్లెమన్నమాట.

దీనికి తిరగేసిన కథా ఉంది. 1985లో అదే మద్రాసు స్టాండర్డ్ కంపెనీ, బ్రిటన్ రోవర్ ఎస్‌డీ1 ఒళ్లు తెచ్చి 'స్టాండర్డ్ 2000' పేరుతో అమ్మింది. చూపులకు రాజకుమారుడు. లోపలున్నది మాత్రం వెనకటి వాన్‌గార్డు కార్ల వంశపు రెండు లీటర్ల పాత ఇంజను. నడక తక్కువ, దాహం ఎక్కువ. 1988కల్లా ఆ కారు ఆగిపోయింది. ఇంజను పెద్దదైనా, ముసలిదైనా ఒంటికి నప్పకపోతే కాపురం సాగదు.

కాగితాల సంగతీ చూసుకోవాలి. ఆర్‌సీలో ఇంజను నంబరుంటుంది. మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకు 'వింటేజ్' గుర్తింపు దొరుకుతుంది, ఇంజనూ బాడీ మార్చేయకుండా అసలు రూపంలో ఉంటేనే. ఆ గుర్తింపు తీసుకుంటే మామూలు ప్రయాణాలకు వాడకూడదన్న షరతుంది కాబట్టి తొందరేం లేదు. కానీ ఇంజను మారిస్తే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోయినట్టే.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. "మరి ఇది లేస్తాదా, పెద్దాయనా?" అని మాత్రం అడిగాడు.

మేస్త్రీ స్పార్కు ప్లగ్గులు ఊడదీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, రెండు రోజులు నాననిచ్చాడు. మూడో రోజు హ్యాండిలు వేసి మెల్లగా తిప్పాడు. ఇంజను తిరిగింది! ఇక చేయించాల్సినవి రాసుకున్నాం. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు ఉంటోంది, పాత రబ్బరును అది తినేస్తుంది. కాబట్టి గొట్టాలూ, పంపు డయాఫ్రమూ దానికి తట్టుకునేవి వేయాలి. 2000 నుంచి పెట్రోలులో సీసం లేదు గనక వాల్వు సీట్లు గట్టివి పెట్టించాలి. అన్నిటికంటే ముందు బ్రేకులు. ఇసుజు ఇంజనుకని దాచిన డబ్బులో సగం కూడా కాదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బండి ఉంటే, ఇంజను వెతికే ముందు ఉన్నదాన్ని ఒకసారి చేత్తో తిప్పి చూడండి.

సాయంత్రం అక్క కాఫీ తెచ్చింది. కొడుకు వైపు చూసి, "ఈ కారు అరవై దాటిచ్చి తోలడం మీ నాయన దగ్గర నేనెప్పుడూ సూడల్యా" అంది. కాసేపాగి తనే అంది: "గండి కాడ దిగంగానే నీళ్లు మాత్రం సూడు. ఆయన మర్సేటోడు కాదు."